విత్తులోని శిశువునకు చక్కెర



మొలకెత్తిన కొబ్బరికాయను పగులగొట్టినప్పుడు నడుమ మెత్తగా, తియ్యగా, దూదివలె తేలికగా నుండు కొబ్బరిపువ్వును మీలో తిననివారుండరు. దానికై ఇంటిలోని పిల్లలు పోట్లాడుకొందురు. పేరు పువ్వే గాని, అది పువ్వు కాదు. తల్లిచెట్టు మూటగట్టి పెట్టిన కొబ్బరిని, నీటిని పీల్చుకొనుటకై మొలక లోపలికి చాచిన నోరు అది. మొలకెత్తక పూర్వము చూచినచో, కొబ్బరికంటి క్రింద వడ్లగింజ పొడవునకు మించని తెల్లని ముక్క యొకటి కనబడును. అదియే కొబ్బరిచెట్టుయొక్క గర్భస్థశిశువు. శాస్త్రజ్ఞులు దానిని పిండమందురు. పీచు, చిప్ప, కొబ్బరి, నీరు, ఇవన్నియు ఆ చిన్న ముక్కకై కట్టబడిన ఇల్లును, నింపబడిన గాదెయును.

ఆ పిండమును గాదెనుండి వేరుచేసి గాజుగొట్టములో పెంచవచ్చునా? పెంచవలెనన్న దానికి తిండిగా నేమి పెట్టవలెను? ఎంత పెట్టవలెను? నేటి ప్రసంగవిషయమిది. దీనికి సమాధానము ముఖ్యముగా ఒక్క వస్తువును బట్టి యున్నది. అది మన వంటయింటిలోని చక్కెరయే.

కణజాలవర్ధనమను మాట మన పల్లెలకు కొత్తది కాదు. అరటి వేయువారు టిష్యూ కల్చరు మొక్కలని అడిగి తెచ్చుకొనుచున్నారు. ఆ అరటిమొక్కలు పిండములనుండి వచ్చినవి కావు. దుంప కొననుండు చిగురును కోసి, గాజుసీసాలో దానిచేత పిలకలు వేయించి తీసినవి. నేను చెప్పబోవునది దానికి దాయాదియగు పని. చిగురునకు బదులు విత్తులోని పిండము సీసాలోనికి పోవును. పద్ధతి మాత్రము రెంటికిని ఒక్కటే. లవణములు కరగించిన నీటిలో చక్కెర కలిపి, సముద్రపు పాచినుండి తీసిన అగర్ అను జిగురుతో దానిని గడ్డకట్టించి, ఆవిరి ఒత్తిడిపాత్రలో 121 డిగ్రీల వేడిమిని పావుగంటనుండి ఇరువది నిమిషములవరకు ఉడికింతురు. అది చల్లారిన పిదప, క్రిములు సోకకుండ ఒలిచి తీసిన పిండమును దానిపై నుంతురు. ఇంత మడి యెందుకందురా? చక్కెర యున్న చోటికి పిలువకయే వచ్చు చుట్టములు చాలమంది గలరు. తెల్లవారుజామున తాటిచెట్టునుండి దింపిన తియ్యని నీరా ప్రొద్దెక్కునప్పటికి కల్లుగా మారుట మీరెరిగినదే. గాలిలోని బూజులకును పులియబెట్టు సూక్ష్మజీవులకును మన పోషకద్రవము పెండ్లివిందు వంటిది. బూజు రేణువొకటి లోపల బడినను కొన్ని దినములలో సీసా నిండ అల్లుకొని పిండమును చంపును.

ఎదిగిన మొక్కకు మనము చక్కెర పెట్టము. ఎరువు పెట్టుదుము, నీరు పెట్టుదుము. ఆకు తనకు కావలసిన చక్కెరను ఎండ వెలుగుతో, గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో తానే వండుకొనును. పిండమునకు ఆకు లేదు, ఎండ తగులదు. తల్లి ఆకులలో వండిన చక్కెర కాండముగుండ దిగి, కాయలోనికి వచ్చి, పిండముచుట్టు నున్న ద్రవములో చేరిన తరువాతనే దానికి ముట్టును. కావున తల్లినుండి వేరుచేసిన పిండమును బ్రదికించుటకు లవణములు మాత్రము చాలవు. ఈ సంగతిని మొదట ప్రయోగపూర్వకముగా చూపినవాడు హానిగ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు. 1904వ సంవత్సరమున ఆతడు ముల్లంగి మొదలగు ఆవజాతి మొక్కల విత్తులనుండి పూర్తిగా ముదురని పిండములను ఒలిచి తీసి, లవణములు, చక్కెర కలిసిన ద్రవములో పెంచెను. అవి పెరిగినవి. పెరుగుట యేగాక మొలకెత్తినవి కూడను.

అయితే అందులో ఒక వింత కనబడెను. విత్తులో నున్న పిండము తన వేళకు ముందు మొలకెత్తదు. మొదట ఉండవలె గుండ్రముగా నుండును; పిమ్మట రెండు బీజదళములు మొలచి హృదయాకారము దాల్చును; తరువాత సాగి కోలగా నగును; కడకు బీజదళములలో పిండి, నూనె, మాంసకృత్తులు నింపుకొని, ఎండి, నిద్రపోవును. హానిగ్ పెంచిన పిండములు ఈ నడుమ మెట్లను కొన్నింటిని దాటవేసి, చిన్నవిగా నున్నప్పుడే వేళ్లు విడిచి, బక్కచిక్కిన మొలకలైనవి. తరువాతివారు దీనికి కృత్రిమమైన అకాలప్రసవమని పేరు పెట్టిరి. నెలలు నిండక పుట్టిన బిడ్డవలె ఆ మొలకలలో చాలభాగము నిలువవు. కావున తరువాతి శాస్త్రజ్ఞులకు రెండు చిక్కులు ఎదురైనవి. పిండమును బ్రదికించుట మొదటిది. దానిని తొందరపడి మొలకెత్తనీయక, లోపల పెరుగవలసినంత పెరుగనిచ్చుట రెండవది. రెండవదియే కష్టము. విచిత్రమేమనగా, ఈ రెండింటికిని చక్కెరయే పనికివచ్చినది. కొలత మాత్రము వేరు.

ఈ శ్రమ యంతయు ఎందుకని మీరడుగవచ్చును. విత్తనము చల్లిన మొలచును గదా! మొలవని విత్తనములును గలవు. 1925వ సంవత్సరమున లైబాఖ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు రెండు అవిసె జాతులను సంకరము చేసెను. కాయ కట్టినది గాని లోని గింజలు ముడుతలుపడి, తేలికయై, నేలలో వేసినను మొలవలేదు. లోపలి పిండము చచ్చినదని తోచును. ఆతడు అట్టి గింజలను చీల్చి చూడగా పిండము బ్రదికియే యున్నది. దానిచుట్టు నుండవలసిన ఆహారము మాత్రము చెడిపోయినది. చక్కెర కలిసిన నీటితో తడిపిన దూదిపై ఆ పిండములను ఉంచి కాపాడి, పిదప మొలకెత్తించి, పూచి కాచు మొక్కలనుగా పెంచెను. తల్లి వండిపెట్టలేని తిండిని దూది వత్తి పెట్టినది. దూరపు జాతుల సంకరములను సాధించుటకు ఈ ఉపాయమును నేటికిని పైరుల పరిశోధనాలయములలో వాడుచున్నారు.

ఇక కొలత సంగతి. దీనిలోనే అసలు రుచి యున్నది; కొంచెము ఓపికతో వినుడు.

ఉమ్మెత్త మన దొడ్లలో, దిబ్బలమీద పెరుగు మొక్క. అమెరికాలో బ్లేక్‌స్లీ అను ఆచార్యుడును ఆతని సహచరులును ఉమ్మెత్త పిండములను పెక్కు సంవత్సరములు పరిశీలించిరి. 1953లో వారు ప్రకటించిన ఫలితములనుబట్టి, ఇంకను హృదయాకారము రాని పసిపిండమునకు నూటికి సుమారు 8 పాళ్లు చక్కెర కావలెను. అనగా లీటరు ద్రవమునకు 80 గ్రాములు, మన పాత తూకమున దాదాపు ఏడు తులములు. హృదయాకారము స్థిరపడిన పిండమునకు 4 పాళ్లు చాలును. సాగి కోలయైన దానికి ఒక పాలు, అంతకు తక్కువైనను చాలును. ముదిరిన పిండము చక్కెర లేకయే మొలకెత్తగలదు, ఏలన తన మూట తనవద్దనే యున్నది. అంతకు ముందు సంవత్సరమున, 1952లో, రైవెన్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు ఆవ కుటుంబములోని కాప్సెల్లా అను చిన్న మొక్కతో ఇట్టి పరీక్షయే చేసి, పసిపిండములకు నూటికి 12 మొదలు 18 పాళ్లవరకు చక్కెర హితమని చెప్పెను. పద్దెనిమిది పాళ్లనగా పలుచని పానకము కాదు, పాకమునకు దగ్గరి చుట్టము.

పసిబిడ్డకు పలుచని పాలును, పెద్దవానికి చిక్కని అన్నమును పెట్టుట మన వాడుక. ఇక్కడ వరుస తలక్రిందులైనది. ఎంత చిన్న పిండమైన అంత చిక్కని తీపి కావలెను. వేలితో తడవిన కనబడనంత పిండము అంత చక్కెరను తినలేదు, తినదు కూడ. మరి దానికేల అంత?

సమాధానము మన ఊరగాయ జాడీలో నున్నది. మాగాయకు మామిడిముక్కలను ఉప్పులో వేసినప్పుడు మరునాటికి ముక్కలు వడలి, జాడీ అడుగున ఊట చేరును. ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగినది. బెల్లములో వేసినను అంతియే. చిక్కని ద్రవము పలుచని ద్రవమునుండి నీటిని తనవైపు లాగుకొనును. దీనిని తిరుగవేసి చూడుడు. పలుచని నీటిలో వేసిన పసిపిండము నీటిని త్రాగి ఉబ్బును. దాని కణములు విభజించుకొని సంఖ్యలో పెరుగుటకు బదులు ఉబ్బి సాగుటకు మొదలిడును. అట్లు సాగుటయే మొలకెత్తుటకు నాంది. చిక్కని చక్కెరనీటిలో నున్నప్పుడు అది ఉబ్బజాలదు. కావున గర్భములోని క్రమము తప్పక, మెట్టుమెట్టుగా పెరుగును. తల్లికాయలో గూడ ఏర్పాటు ఇట్లే యున్నది. లేత విత్తులో పిండముచుట్టు నుండు ద్రవము చిక్కగా నుండి, విత్తు ముదిరినకొలది పలుచబడునని పరీక్షలలో తెలిసినది. శాస్త్రజ్ఞులు చక్కెరలో కొంతభాగమును తీసివేసి దానికి బదులు మానిటాల్ అను తియ్యని పదార్థమును కలిపి చూచిరి. చాల మొక్కలు దానిని ఆహారముగా వాడుకొనలేవు. అది నీటిని చిక్కబరచుట మాత్రము చేయును. అట్లు చేసినను పిండములు కొంతవరకు నెమ్మదించి పెరిగినవి. చక్కెర తిండి మాత్రమే గాక కాపలాదారు కూడ నని దీనివలన తేలినది. అయినను మానిటాలే అంతయు చేయలేదు. తినుటకు నిజమైన చక్కెర కొంత ఉండితీరవలెను.

చక్కెరకే సర్వశక్తులను కట్టబెట్టుట న్యాయము కాదు. 1941లో అమెరికాలో వాన్ ఓవర్‌బీక్ మొదలగువారు ఉమ్మెత్త పసిపిండములు పోషకద్రవములో పెరుగక చనిపోవుట చూచి, అందులో కొబ్బరినీరు కలిపిరి, అవి పెరిగినవి. కొబ్బరినీటిలో చక్కెరతోపాటు కణవిభజనమును పురికొల్పు ఇతర పదార్థములును గలవు. నాటినుండి ప్రపంచమందలి కణజాలశాలలలో మన శుభకార్యముల కొబ్బరినీరు మందుగా చేరినది. మఱియు 1963లో వి. రాఘవన్, టోరీ అను ఇరువురు శాస్త్రజ్ఞులు, గుండ్రని దశలో నున్న కాప్సెల్లా పిండములను నూటికి 2 పాళ్ల చక్కెరతోనే పెంచి చూపిరి. కాని దానికి పెరుగుదలను నడుపు హార్మోనులు కలుపవలసివచ్చెను. కనుక దారులు ఒకటికంటె ఎక్కువ గలవు.

కొలతయే గాక చక్కెరలో రకమును ముఖ్యమే. చెరకుచక్కెర ఒక జంట. దానిని విడదీసినచో ద్రాక్షచక్కెర యనబడు గ్లూకోజ్ ఒకటియు, పండ్లచక్కెర యనబడు ఫ్రక్టోజ్ ఒకటియు వచ్చును. ఆవిరిపాత్రలో ఉడుకునప్పుడే కొంత చెరకుచక్కెర ఈ రెండుగా విడిపోవును. మిగిలినదానిలో చాలభాగమును మొక్కల కణములే తమ గోడలయందలి ఇన్వర్టేజ్ అను పదార్థముతో విడదీయును. జంటగా నున్న చక్కెరయు, విడిపోయిన చక్కెరయు పిండమునకు ఒకే మాట చెప్పవు. జర్మనీలోని గాటర్స్‌లేబెన్ పరిశోధనాలయమునందు వేబర్, వోబుస్ మొదలగువారు 1990 తరువాతి సంవత్సరములలో ఒక చిక్కుడు జాతి గింజలను పరీక్షించి, దీనిని స్పష్టపరచిరి. గింజ లేతగా నున్నప్పుడు విత్తుతొక్కలోని ఇన్వర్టేజ్ చక్కెరను విడదీసి గ్లూకోజ్, ఫ్రక్టోజులను పంపుచుండును. అప్పుడు పిండకణములు విభజించుకొనుచు సంఖ్యలో పెరుగును. ఆ ఇన్వర్టేజ్ తగ్గినప్పుడు చెరకుచక్కెర విడిపోక యట్లే వచ్చి చేరును. అప్పుడు కణములు విభజన మాని పిండిని, మాంసకృత్తులను దాచుకొనుట మొదలిడును. ముందు ఇల్లు కట్టుట, పిదప గాదె నింపుట.

దీనికి సాక్ష్యము మన కొబ్బరిబొండములోనే యున్నది. లేత బొండపు నీటిలో నుండు చక్కెర చాలవరకు గ్లూకోజ్, ఫ్రక్టోజులే. ఆరేడు నెలల కాయలో మొత్తము చక్కెర నూటికి సుమారు 5 పాళ్లవరకు పెరుగును. కాయ ముదిరినకొలది అది సుమారు 2 పాళ్లకు దిగును. ఉన్నదానిలో చెరకుచక్కెర పాలు హెచ్చును. బొండము నీరు ముదురుకాయ నీటికంటె తియ్యగా నుండుటకు కారణమిదియే. నాలుకకు తెలియు ఈ సంగతిని పిండము తన పద్ధతిని తాను తెలిసికొనుచున్నది.

ఎట్లు తెలిసికొనునను ప్రశ్నకు కూడ కొంత సమాధానము దొరకినది. మొక్కకణములలో ట్రెహలోజ్ అను వేరొక చక్కెరకు సంబంధించిన ఫాస్ఫేటు పదార్థ మొకటి అత్యల్పముగా నుండును. కణములో చెరకుచక్కెర హెచ్చినప్పుడు అదియు హెచ్చును, తగ్గినప్పుడు తగ్గును. చక్కెర ఎంత యున్నదో కణమునకు చాటించు దండోరా వంటిది. 2002లో ఇంగ్లండులోని శాస్త్రజ్ఞులు అరబిడాప్సిస్ అను చిన్న మొక్కలో దీనిని తయారుచేయు జన్యువు చెడిన పిండములను పరీక్షించిరి. అవి కోలగానయ్యెడి దశ దగ్గరనే ఆగిపోయినవి. చక్కెర లేమిచేత కాదు. చక్కెర చేరినదను కబురు చేరనందున.

ఇప్పుడు కొబ్బరికి మరల వత్తము. ఫిలిప్పీను దీవులలో మకపునో యను వింత కొబ్బరి గలదు. పగులగొట్టినచో లోపల గట్టి కొబ్బరికి బదులు మెత్తని, జిగురుగల, ముంజె వంటి పదార్థము కాయనిండ నుండును. నీరు చిక్కగా సాగును. అక్కడివారికి అది మిక్కిలి ప్రియమైన తినుబండారము. సాధారణపు కాయకంటె ఎన్నో రెట్లు వెల పలుకును. దక్షిణభారతమందును ఇట్టి కాయలు అరుదుగా కనబడును. తమిళమున పెరుగు కొబ్బరి యని అర్థము వచ్చు పేరు దీనికి గలదు. కాని ఈ కాయ మొలవదు. ఎన్నిటిని పాతినను కుళ్లిపోవును. మకపునో కాయలు కాచు చెట్టునకు గూడ అన్ని కాయలు అట్టివి కావు. ఈ గుణము అణగియుండు జన్యువువలన వచ్చునది గనుక సాధారణముగా నాలుగింట ఒక వంతునకు మించవు. మిగిలిన మామూలు కాయలను నాటి, పెరిగిన చెట్టు కాపుపట్టువరకు ఏండ్లకొలది కనిపెట్టుకొని యుండి, అదృష్టమును చూచుకొనుటయే రైతుకు మిగిలిన దారి.

1964లో ఫిలిప్పీను విశ్వవిద్యాలయమున ఎమెరిటా డి గుజ్మాన్ అను విదుషీమణి మకపునో కాయలోని పిండమును తీసి పరీక్షించెను. పిండములో లోపమేమియు కనబడలేదు. దానిని చక్కెర కలిసిన పోషకద్రవములో ఉంచగా అది పెరిగి, ఆకు వేసి, వేరు వేసి మొక్కయైనది. కుళ్లుచున్న ఇంటిలో నిక్షేపమువంటి బిడ్డ యుండెనన్నమాట. మరి కాయలో ఏల పెరుగలేదు? 1984లో ఫిలిప్పీను శాస్త్రజ్ఞులే ఇందుకు కారణమును వెదకిరి. కొబ్బరి లేతదశలో గాలక్టోమన్నాన్ అను జిగురుపదార్థముతో నిండియుండును. అది కూడ ఒక విధమున చక్కెరలు గొలుసుగా అల్లుకొన్నదే. కాయ ముదురునప్పుడు ఆల్ఫా గాలక్టోసిడేజ్ అను పదార్థము ఆ గొలుసునుండి గాలక్టోజ్ అను చక్కెరను కత్తిరించును. అప్పుడు కొబ్బరి గట్టిపడును, చక్కెర విడుదలయగును. మకపునో కాయలో ఆ కత్తెర దాదాపు లేదు. జిగురు జిగురుగానే యుండును. పిండమునకు విడి చక్కెర అందదు. గాదెనిండ ధాన్యముండి తాళపుచెవి లేని ఇంటి పసివాని స్థితి దానిదని ఆ పరిశోధకుల భావము.

ఇట్టి పిండమునుండి పెరిగిన చెట్టు తల్లివలె నాలుగింట ఒక మకపునో కాయను ఇచ్చి యూరకుండదు. సాధారణపు కొబ్బరుల పుప్పొడి సోకకుండ దూరముగా నాటినచో కాయలు దాదాపు అన్నియు మకపునోలే యగును. ఆ తోటల రైతులకు ఇది గొప్ప రాబడి. అయితే ఆ చెట్టు కాయ ఒక్కటియు తనంతట మొలవదు. తోటను పెంచవలెనన్నచో ప్రతి మొక్కకును మరల పరిశోధనాలయమునకే పోవలెను. సంతానమంతయు గాజుగొట్టముమీదనే ఆధారపడిన చెట్టును లోకములోనికి తెచ్చుట మంచిదా యను శంక నాకు లేకపోలేదు. కాని మొలవని కాయలను అమ్ముకొని బ్రదుకు రైతునకు ఆ శంక లేదు.

సాధారణపు కొబ్బరికి గూడ ఈ విద్య వేరొక విధమున ఉపకరించుచున్నది. కొబ్బరి పిలకలు వేయదు, కొమ్మ నాటిన బ్రదుకదు. కాయయే దాని విత్తు. దూరదేశపు మంచి జాతిని తెచ్చుకొనవలెనన్న బరువైన కాయలను ఓడలమీద తేవలెను. వాటితో తెగుళ్లును రావచ్చును. అందుచేత కాయకు మారుగా పిండమునే తీసి, శుద్ధిచేసి, చిన్న గొట్టములలో పంపుట ఆచారమైనది. కాసరగోడులోని కేంద్ర తోటపంటల పరిశోధనాలయము 1916లో మదరాసు ప్రభుత్వమువారి కొబ్బరి పరిశోధనాక్షేత్రముగా మొదలైనది. దీవులనుండి కొబ్బరిజాతులను పిండరూపమున సేకరించు పనిని అచ్చటివారు చేసిరి. కొబ్బరిపిండమునకు ఎక్కువగా వాడు పోషకద్రవములో లీటరునకు 60 గ్రాముల చక్కెర యుండును. 1962లో పొగాకు కణజాలమునకై మురషిగె, స్కూగ్ అనువారు సిద్ధపరచి లోకమంతటను వ్యాపింపజేసిన పోషకద్రవములో నుండునది 30 గ్రాములే. దానికి రెట్టింపు తీపి కొబ్బరికి కావలసివచ్చినది.

విత్తు అవసరమే లేకుండ పిండములను పుట్టించు విద్యయు గలదు. 1958లో అమెరికాలో స్టీవర్డు, జర్మనీలో రైనెర్టు అనువారు క్యారెట్టుదుంప కణములనుండి, గింజలోని పిండములను పోలిన పిండములను పుట్టించిరి. 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయమున శిప్రా గుహ, సతీశ్ చంద్ర మహేశ్వరి అనువారు ఉమ్మెత్తపూవు పుప్పొడితిత్తులను పోషకద్రవముపై నుంచగా, తిత్తిలోనుండి చిన్న పిండములు బయలుదేరినవి. లోకమందు మొదటిసారి పుప్పొడినుండి మొక్కను పుట్టించినది మన దేశమున, అది కూడ ఉమ్మెత్తతోననుట సంతోషింపదగినది. ఇచ్చటను చక్కెర పంటపంటకు మారును. ఆవజాతి పుప్పొడికి నూటికి 13 పాళ్ల చక్కెర పోయుదురు. అంత చిక్కదనము లేనిచో అవి పిండములు కావు. యవలకు చెరకుచక్కెర అంతగా నప్పదు. మాల్టోజ్ అను మొలకధాన్యపు చక్కెర నప్పును. రాగులు నానబెట్టి మొలకలెత్తించి మాల్టు చేయునప్పుడు వచ్చు తీపి అదియే. అది నెమ్మదిగా విడిపోవును గనుక కణములకు కొంచెముకొంచెముగా అందును. చెరకుచక్కెర త్వరగా విడిపోయి ఒక్కసారిగా మీదబడును. నారింజజాతి సంగతి వేరు. ఆ గింజ నాటినచో ఒక్కదానినుండియే రెండు మూడు మొలకలు వచ్చుట తోటలవారెరుగుదురు. అందులో కొన్ని పిండములు తల్లి కణములనుండియే పుట్టును. ఇశ్రాయేలు దేశపు శాస్త్రజ్ఞులు ఆ తల్లికణములను గాజుపాత్రలలో పెంచి, చెరకుచక్కెరకు బదులు గాలక్టోజ్ పెట్టగా పిండములు ఎక్కువగా వచ్చినవని చూచిరి. కొంత ఆకలి వారికి మేలు చేసినట్లున్నది.

కడపటి కష్టము సీసా వెలుపల నున్నది. చక్కెర తిని పెరిగిన మొక్క ఆకుపచ్చగా కనబడినను పని నేర్వనిది. దాని ఆకు తనకై చక్కెర వండుకొనుట సరిగా అలవరచుకొనలేదు. ఆకుపై మైనపుపొర పలుచన. నీరావిరి పోవు రంధ్రములు మూసికొనుట నేర్వలేదు. సీసాలో ఎల్లప్పుడు చెమ్మగా నుండుటచే దానికి దాహమన నేమో తెలియదు. ఒక్కసారిగా బయటపెట్టినచో ఎండకు వడలి చచ్చును. కొబ్బరిపిండమునుండి సీసాలో చక్కని మొక్క వచ్చినను నేలలో నాటునప్పుడు పోవునవి ఎక్కువ. అందుచేత కడపటి నెలలలో చక్కెరను క్రమముగా తగ్గింతురు, వెలుగును హెచ్చింతురు. తరువాత చెమ్మగల నీడలో, శుద్ధిచేసిన మట్టికుండీలలో పెట్టి, తెర కొంచెముకొంచెముగా తీయుదురు. చంటిబిడ్డకు పాలు మాన్పించు తల్లివలె ఓపిక పట్టవలెను.

గాజుగొట్టపు మొక్కలను కొనదలచినవారు అంగడిలో ఆకుల పచ్చదనమును చూచి మోసపోరాదు. మొక్క సీసానుండి బయటికి వచ్చి ఎన్ని వారములైనదో, నీడపందిరిలో ఎంతకాలముంచిరో, బయటికి వచ్చిన పిమ్మట కొత్త ఆకులు ఎన్ని వేసినదో అడుగవలెను. సీసాలోని ఆకులు రాలిపోయినను చింత లేదు. బయటి గాలిలో పుట్టిన ఆకులు రెండు మూడు గట్టిగా నిలిచియున్నవా, కుండీనుండి తీసి చూచిన కొత్త వేళ్లు తెల్లగా నున్నవా యని చూచి తీసికొనవలెను.